రంగం మేస్త్రీ నుంచి కువైట్ ఏజెంటు దాకా: గోదావరి డెల్టా వలసల నేపథ్యం

కోనసీమ, నరసాపురం వైపు ఊళ్లలో ఇవాళ కువైట్, మస్కట్ వెళ్లేవాళ్లలో ఇంటి పనికి పోయే ఆడవాళ్లు చాలామంది. నూరేళ్ల కిందట ఈ డెల్టా నుంచి వలస తూర్పు దిక్కుగా, రంగానికి, అంటే బర్మాకు సాగేది. వెళ్లింది ఎక్కువగా మగవాళ్లే.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారినా, భూమి లేని కూలీకి పని దొరికేది నాట్లకూ కోతలకే. కూలీలను పోగుచేసే మేస్త్రీ టికెట్టు డబ్బు ముందుగా పెట్టి కాకినాడ రేవులో ఓడ ఎక్కించేవాడు. రంగూన్ రేవులో మూటలు మోసిన కూలిలోంచి ఆ బాకీ కోసుకునేవాడు. 1930 మేలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మీయులను పెట్టారు. సమ్మె ముగిసి తెలుగువాళ్లను తిరిగి తీసుకోగానే అల్లర్లు చెలరేగాయి. 1942లో జపాన్ సేనలు వచ్చాక ఎందరో అడవుల వెంట కాలినడకన ఇండియా చేరారు.

1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ తలుపులు తెరుచుకున్నాయి. ముందు కట్టడాల పనికి మగవాళ్లు, ఆ వెనక ఇంటి పనికి ఆడవాళ్లు కదిలారు. మన వలస చట్టం 1983లో వచ్చింది. పదో తరగతి పాసవ్వని వారు 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే వలస వెళ్లడానికి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. క్లియరెన్స్ అవసరమైన పాస్‌పోర్టున్న మహిళకు 30 ఏళ్లు నిండి ఉండాలి. 2016 నుంచి వారిని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు. లైసెన్సున్న ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు చట్టంలో చోటే లేదు, వ్యవహారమంతా మాత్రం అతని చేతుల మీదే నడుస్తుంది.

వయసు చాలకపోతే అతను చూపే దారి విజిట్ వీసా. దుబాయ్‌లో దించి, అక్కడినుంచి మస్కట్ పంపిస్తారు. క్లియరెన్స్ లేదు కాబట్టి పని ఒప్పందం ఎవరూ చూడరు, 10 లక్షల ప్రవాసీ బీమా కూడా ఉండదు. రెండేళ్లకు 275 రూపాయలతో వచ్చే బీమా అది. పదో తరగతి పాసైన వారి పరిస్థితీ విచిత్రమే: క్లియరెన్స్ అక్కర్లేదు, దాంతో ఆ తనిఖీ కూడా వారికి దక్కదు.

కువైట్ 2015లో ఇంటి పనివారికి వేరే చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో సెలవివ్వాలి, పాస్‌పోర్టును యజమాని తన దగ్గర పెట్టుకోకూడదు, మానేసేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున కట్టివ్వాలి. మరుసటి ఏడాది కనీస జీతం 60 దీనార్లన్నారు. నాలుగు గోడల మధ్య ఇవి ఎంతవరకు అమలవుతాయో తనిఖీ చేయడం కష్టం. ఇల్లు వదిలి బయటపడితే అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి చెల్లదు, ‘కల్లివెల్లి’ (కాగితాలు లేని మనిషి) అయినట్టే. అప్పుడు బకాయి జీతం అడగబోతే పట్టుబడతామన్న భయం.

ఇంటి పని వీసా నంబరు 20, కంపెనీ వీసా 18. 20 నుంచి 18కి మారడానికి కువైట్ 2024 జూలై 14 నుంచి సెప్టెంబరు 12 వరకు వీలిచ్చింది, అదీ యజమాని ఒప్పుకుంటేనే.