311 నానోమీటర్ల వెలుగు

చర్మంపై పొలుసుల మచ్చలు లేచే సోరియాసిస్ జబ్బు వచ్చినవాళ్లకు ఇంటాబయటా వినిపించే సలహా ఒకటుంది: పొద్దున్నే కాసేపు ఎండలో కూర్చోమని. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ జబ్బును తగ్గిస్తాయన్నది నిజమే. కానీ పనిచేసే కిరణాలు లేత ఎండలో చాలా తక్కువ. మిట్టమధ్యాహ్నం అవి దండిగా ఉంటాయి, వాటితో పాటే చర్మాన్ని కాల్చేవీ ఉంటాయి.

ఏ కిరణం మందు, ఏది వట్టి మంట? 1981లో అమెరికాలో పారిష్, జెనికే అనే పరిశోధకులు సోరియాసిస్ మచ్చల మీద అతినీలలోహిత కాంతిలోని ఒక్కో తరంగదైర్ఘ్యాన్నీ (దీన్ని నానోమీటర్లలో కొలుస్తారు) విడివిడిగా పరీక్షించారు. 290 నానోమీటర్లు, అంతకు తక్కువవి చర్మాన్ని ఎర్రగా కమిలేలా చేశాయే తప్ప మచ్చను కదిలించలేదు. 300 నుంచి 313 మధ్యవి తగ్గించాయి. ఆ తర్వాతే దాదాపు 311 దగ్గరి కాంతిని మాత్రమే ఇచ్చే ట్యూబులు వచ్చాయి. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం ఇదే.

సోరియాసిస్‌లో రోగనిరోధక కణాలు అదుపు తప్పి, చర్మకణాలను తొందరపెడతాయి. నెల పట్టే పెరుగుదల నాలుగైదు రోజుల్లో ముగిసి, పొలుసులు పేరుకుంటాయి. ఈ కాంతి ఆ రోగనిరోధక కణాల డీఎన్ఏను దెబ్బతీసి వాటిని చనిపోయేలా చేస్తుంది. చర్మం ఎర్రబారి దురదపెట్టే ఎగ్జిమా పూతమందులకు లొంగనప్పుడు, ఈ కాంతితో దురద తగ్గేది కూడా చర్మంలోని ఇలాంటి కణాలు నెమ్మదించడం వల్లే.

ఈ కాంతి చికిత్సకు వారానికి రెండు మూడుసార్లు, మొత్తం ఇరవై ముప్పై సిట్టింగులు పడతాయి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. కళ్లకు గాగుల్స్ తప్పనిసరి. కొద్దిపాటి మచ్చలైతే ఎక్సైమర్ అనే పరికరం ఇచ్చే 308 నానోమీటర్ల కాంతిని అక్కడికే వేస్తారు. అరచేతులు, అరికాళ్ల మందపాటి చర్మానికి, కాంతి ప్రభావాన్ని పెంచే సోరాలెన్ అనే మందు పూసి, వేరే రకం అతినీలలోహిత కాంతి పెడతారు. సోరాలెన్ మన బావంచాల గింజల్లో ఉన్నదే. దయచేసి దాన్ని సొంతంగా పూసుకుని ఎండలో నిలబడకండి, బొబ్బలెక్కుతాయి.

అసలు చిక్కు దూరం. పల్లె నుంచి వారానికి మూడుసార్లు సిటీకి రావాలంటే మూడు రోజుల కూలి పోతుంది, సగంలోనే మానేస్తారు. అమెరికాలో 783 మంది సోరియాసిస్ రోగులపై చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంట్లో యంత్రంతో చేసుకున్నవాళ్లకు క్లినిక్‌కు వెళ్లినవాళ్ల కంటే ఏమాత్రం తక్కువ గుణం రాలేదు. సిట్టింగులు సరిగ్గా కొనసాగించినవాళ్లూ ఇంటివైపే ఎక్కువ. మన జిల్లా ఆసుపత్రులు ఇలాంటి యంత్రాలను కొన్ని నెలల పాటు రోగుల ఇళ్లకు ఇచ్చి, మోతాదును డాక్టరే చూసుకునే ఏర్పాటు చేయాలి.