మ్యాప్ తీయాల్సింది దారి తప్పాక కాదు

మొన్న ఇంటర్ పిల్లలను దేవరకొండ ఖిల్లాకు తీసుకెళ్లినప్పుడు తలా ఒక టోపోషీట్ (గుట్టలు, వాగులు, బాటలు గీసిన సర్వే మ్యాప్) కాపీ ఇచ్చాను. పది నిమిషాలు నడిచి వెనక్కి తిరిగి చూస్తే ఒక్కరి చేతిలోనూ కాగితం లేదు. అన్నీ బ్యాగుల్లోకి వెళ్లిపోయాయి. ఇదేంటని అడిగితే "దారి తప్పితే తీస్తాం కదా సార్" అన్నాడొకడు. ఈ మాట ఎన్నేళ్ల నుంచి వింటున్నానో. పిల్లలే కాదు, వాళ్ల నాన్నలూ ఇదే అంటారు.

అపోహ: మ్యాప్ దారి తప్పినవాళ్ల కోసం.

వాస్తవం: దారి తప్పాక మ్యాప్ తీస్తే అది రంగుల బొమ్మే. ఇక్కడి నుంచి అక్కడికి ఎలా వెళ్లాలో మాత్రమే అది చెబుతుంది. ఆ 'ఇక్కడ' ఎక్కడో మీకే తెలియనప్పుడు అదేం చేస్తుంది?

నాకు ఇది డిగ్రీ రెండో ఏడాదిలో తెలిసొచ్చింది. ఎన్‌సీసీలో మ్యాప్ రీడింగ్ నేర్చుకున్నాననే పొగరుతో ముగ్గురు దోస్తులను వెంటేసుకుని అమ్రాబాద్ గుట్టల అంచుకు వెళ్లాను. షీట్ బ్యాగు అడుగున ఉంది. రెండు గంటలు ముచ్చట్లు చెప్పుకుంటూ నడిచాం. బాట ఎక్కడ వదిలేశామో ఎవరూ చూడలేదు. అప్పుడు మ్యాప్ పరిచాను. చుట్టూ అన్నీ ఒకేలాంటి గుట్టలు. భయం మొదలైందా, ఇక కన్ను తనకు కావాల్సిందే చూస్తుంది. ఎదురుగా ఒక ఎండిన వాగు, మ్యాప్ మీద ఒక సన్నని నల్ల గీత. "ఇదే ఇది" అన్నాను. గీత కొంచెం పడమటికి వంగి ఉంది, మా వాగు తూర్పుకు పోతోంది. అయినా, ఎప్పుడో గీసిన మ్యాప్ కదా, అటూ ఇటూ ఉంటుందిలే అని సర్దుకున్నాను. మ్యాప్‌కు తగ్గట్టు మేం నడవాల్సింది పోయి, మాకు తగ్గట్టు మ్యాప్‌ను వంచేశాను.

ముప్పావు గంట దిగాక నేల అయిపోయింది. కాళ్ల ముందు చెట్ల తలలు కనిపిస్తున్నాయి. తాటిచెట్టంత నిట్టనిలువు బండ. మ్యాప్‌లో అది లేదు. ఉండదు కూడా. 1:50,000 షీట్‌లో, అంటే నేల మీది అర కిలోమీటర్‌ను ఒక సెంటీమీటర్‌గా గీసినదాంట్లో, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూర్ గీతకూ గీతకూ మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు, అంతకంటే తక్కువ ఎత్తున్న బండ ఆ సందులో కనపడకుండా పోవచ్చు. నలుగురికీ కలిపి సీసాలో సగం నీళ్లు. మళ్లీ పైకి ఎక్కుతుంటే పశువుల కాపరి ఒకాయన కేకేశాడు: "ఎటు పోతుర్రు బిడ్డా? గాడ తొవ్వ లేదు." ఇరవై నిమిషాల్లో బాట మీదికి చేర్చాడు. మేం దిగింది, దిగాల్సిన వాగుకు ఇవతలి వాగు.

అందుకే నా దగ్గరికి వచ్చే పిల్లలకు మొదటి రోజు కంపాస్ కూడా ఇవ్వను. బయల్దేరే చోట షీట్‌ను నాలుగు మడతలు పెట్టి, నిలబడ్డ చోట బొటనవేలు ఆనించమంటాను. ముందున్న గుట్ట మ్యాప్‌లోనూ ముందు వైపే వచ్చేలా కాగితం తిప్పాలి. అక్షరాలు తలకిందులైతే కానీయండి. తర్వాత ఏం రావాలో ముందే చెప్పాలి: "చెరువు కట్ట దాటాక ఎడమకు గుట్ట, పది నిమిషాల్లో వాగు." వాగొస్తే వేలు జరపాలి. పావుగంటైనా రాలేదా, అక్కడే ఆగాలి. అప్పటికి తప్పింది ఐదు నిమిషాల దారే, వెనక్కి రావచ్చు.

మిగతా అపోహల సంగతి త్వరగా చెప్పేస్తాను.

నల్ల గీతలన్నీ బాటలు కావు. సర్వే ఆఫ్ ఇండియా షీట్లలో ఎండిపోయే వాగులు నలుపు, నీళ్లుండేవి నీలం, బాటలు ఎరుపు. మన పాలమూరు, నల్లగొండ వాగుల సంగతి తెలిసిందేగా, ఎక్కడ చూసినా నలుపే.

వాగు వెంట దిగితే ఊరొస్తుందట. మల్లెలతీర్థం జలపాతం చూసినవాళ్లు ఈ మాట అనరు. నల్లమలలో వాగు ఎక్కడైనా అలా దూకేయవచ్చు.

సిగ్నల్ లేకపోతే ఫోన్‌లో జీపీఎస్ పనిచేయదన్నది పుకారే. జీపీఎస్‌కు ఉపగ్రహాలు చాలు. ముందే డౌన్‌లోడ్ చేసుకోని మ్యాప్ మాత్రం తెరుచుకోదు. ఫోన్ నేనూ తీసుకెళ్తాను. కానీ మే నెల ఎండలో వేడెక్కి ఆగిపోయిన ఫోన్లను చాలానే చూశాను.

మధ్యాహ్నం నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని సమ్మర్ క్యాంపుల్లో కూడా నేర్పుతున్నారు! మన దగ్గర మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరాన ఉంటాడు. అంటే ఆ కాస్త నీడా దక్షిణానికి పడుతుంది.

టోపోషీట్ దగ్గరుంటే పోలీసులు పట్టుకుంటారని ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. 2005 మ్యాప్ విధానం వచ్చాక ఓపెన్ సిరీస్ షీట్లు అందరి కోసమే ఉన్నాయి. ఇక ఊళ్లో పెద్దవాళ్లు 'నక్ష' అంటే సర్వే నంబర్ల నక్ష అనుకుని భూమి పంచాయితీ ఏదో ఉందని కంగారు పడతారు. వాళ్లకు ఓపిగ్గా చెప్పండి.

"అడవిలో పులులుంటాయి కదా సార్, మా వాణ్ని పంపాలా?" అని ఫోన్ చేసే అమ్మలను నేను విసుక్కోను. ఆ భయం న్యాయమే. పులుల అభయారణ్యంలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టేది లేదు. మేం నేర్చుకునేది రాచకొండ, కోయిలకొండ, దేవరకొండ గుట్టల మీద. అక్కడ పులి కంటే ఎండతోనే జాగ్రత్త, మనిషికి మూడు లీటర్ల నీళ్లు తప్పనిసరి.

వచ్చేవాళ్లు షీట్‌కు ఒక ప్లాస్టిక్ కవర్ తెచ్చుకోండి. చెమట చేతులకు కాగితం మడతల దగ్గర చిరుగుతుంది, మనం వెళ్లాల్సిన చోటు సరిగ్గా ఆ మడత మీదే ఉంటుంది.