ఇంట్లో మ్యూజిక్ గది, హోమ్ థియేటర్: అకౌస్టిక్ పని మీద అపోహలు - వాస్తవాలు, అసలు ఖర్చు

హైదరాబాద్‌లో ఇళ్లకి అకౌస్టిక్ ప్యానెల్స్, అంటే శబ్దాన్ని పీల్చే పలకలు, చేసి బిగించడం నా పని. స్పీకర్లకి మూడు లక్షలు పెట్టినవాళ్లు కూడా గది సంగతి వచ్చేసరికి "ఫోమ్ అతికిస్తే సరిపోదా అండీ?" అంటారు. రోజూ వినే మాటలే కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: ప్యానెల్స్ కొట్టిస్తే పక్క ఫ్లాట్‌కి సౌండ్ వెళ్లదు.

వెళ్తుంది, ముందు ఎంత వెళ్లేదో దాదాపు అంతే. ప్యానెల్ తగ్గించేది గది లోపలి ప్రతిధ్వనిని. బయటికి పోకుండా ఆపాలంటే గోడకి బరువు ఉండాలి, సందులు మూయాలి: తలుపు కింద ఖాళీ, ఏసీ పైపు కోసం కొట్టిన బొక్క, స్లైడింగ్ కిటికీ. గదిలో ఇంకో గది కట్టినంత పని అది, ఖర్చు లక్షల్లోకి పోతుంది. కింద ఫ్లాట్ వాళ్ల గొడవ తీరుతుందని ఎవరైనా ప్యానెల్స్ అడిగితే వద్దనే చెప్తాను.

అపోహ: గుడ్ల అట్టలో, ఒక అంగుళం ఫోమో గోడల నిండా అతికిస్తే చాలు.

గుడ్ల అట్టంటే పలచని కాగితపు గుజ్జు, దాని వల్ల పెద్దగా ఒరిగేదేం లేదు. ఫోమ్ కాస్త నయం, కానీ అంగుళం మందంతో అది పీల్చేది పై స్థాయి శబ్దాలనే. ఎందుకంటే శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది, అంటే 50 హెర్ట్జ్ (సెకనుకి 50 కంపనాలు) బేస్ అల ఒక్కోటి దాదాపు 7 మీటర్ల పొడవు. గోడకి ఆనుకుని ఉన్న గాలి పెద్దగా కదలదు, గోడ నుంచి అల పొడవులో పావు వంతు దూరంలో ఎక్కువ కదులుతుంది, ఆ కదలికని పట్టుకుంటేనే మెటీరియల్ పనిచేసినట్టు. అంగుళం ఫోమ్‌కి అక్కడ పట్టుకోవడానికి ఏమీ దొరకదు. గది నిండా అదే అతికిస్తే తాళాల శబ్దంలో మెరుపు పోతుంది, బేస్ మోత మాత్రం అలాగే ఉంటుంది, పాడేవాళ్లు దుప్పటి ముసుగేసుకుని పాడినట్టు వినిపిస్తారు.

ఇంకో సంగతి, నిప్పు. 2003లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఒక నైట్‌క్లబ్‌లో సౌండ్ కోసం స్టేజి చుట్టూ అతికించిన మామూలు ఫోమ్‌కి బాణసంచా రవ్వలు తగిలి 100 మంది చనిపోయారు. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చే ఫోమ్ కొనే ముందు నిప్పుని తట్టుకుంటుందో లేదో అడగండి.

అపోహ: టీవీ గోడకి ఫ్లూటెడ్ (నిలువు గాడులున్న) ప్యానెల్స్ ఉన్నాయిగా, అవే అకౌస్టిక్ ప్యానెల్స్.

కావు. అవి గట్టి ప్లాస్టిక్కో చెక్కపొడి బోర్డో, నేరుగా గోడకి అతికించేస్తారు. అందం వరకే.

అపోహ: బేస్ చాలట్లేదంటే ఇంకా పెద్ద సబ్ వూఫర్ కావాలి.

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే. ఎదురెదురు గోడల మధ్య 10 అడుగులుంటే 56 హెర్ట్జ్ దగ్గర గది మోగుతుంది, 14 అడుగులుంటే 40 దగ్గర. మన అపార్ట్‌మెంట్లలో 10 బై 10 గది, ఎత్తు కూడా పదే అయితే మూడు వైపులా ఒకే 56 మీద మోగుతాయి, ఒక్క నోటు (స్వరం) దగ్గర గుంయ్‌మంటుంది. సరిగ్గా గది మధ్యలో కూర్చుంటే అదే నోటు దాదాపు మాయమవుతుంది. సోఫా వెనక గోడకి ఆనించి వేస్తే బేస్ అంతా ఎక్కువే. అందుకే నేను వెళ్లగానే చేయించే మొదటి పని సోఫా జరిపించడం, దానికి పైసా ఖర్చు లేదు. ఆ తర్వాతే మూలల్లో నేల నుంచి పైకప్పు దాకా శబ్దం పీల్చే సరుకు మందంగా నింపడం.

యూట్యూబ్‌లో అమెరికా వాళ్ల గదులు చూసి అదే డిజైన్ అడుగుతారు. వాళ్ల గోడలు చాలావరకు జిప్సం బోర్డువి, కాస్త ఊగి కొంత బేస్‌ని తినేస్తాయి, కొంత బయటికి వదిలేస్తాయి. మనవి ఇటుక గోడ, స్లాబు, కింద టైల్స్. బేస్ ఎటూ పోదు. వాళ్లకి చాలిన మందం మనకి చాలదు.

అపోహ: గది మొత్తం కప్పాలి.

1895 నుంచి హార్వర్డ్‌లో సబీన్ అనే ఆయన గదిలో ప్రతిధ్వని ఎంతసేపు నిలుస్తుందో కుర్చీ మెత్తలు మోయించి మరీ కట్టిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. 12 బై 14 గది, 10 అడుగుల ఎత్తు అనుకుందాం. ప్రతిధ్వని 0.4 సెకన్లకి దిగాలంటే మొత్తం ఉపరితలంలో పావు వంతు పీల్చుకునేది ఉంటే చాలు. అందులో సగం దాకా సోఫా, కర్టెన్లు, కార్పెట్ చూసుకుంటాయి. మిగతాదానికి 2 బై 4 అడుగుల ప్యానెల్స్ పదమూడు దాకా. ఎక్కడ పెట్టాలంటే, మీరు సోఫాలో కూర్చోండి, ఇంకొకరు పక్క గోడ మీద అద్దం జరుపుతూ పోవాలి, అద్దంలో స్పీకర్ కనిపించిన చోట ఒకటి.

అపోహ: లక్షలవుతుంది.

ఇవి నేను చూస్తున్న రేట్లు, ఊరిని బట్టి అటూ ఇటూ. 48 డెన్సిటీ (ఘనపు మీటరుకి 48 కిలోలు), 50 ఎంఎం మందం రాక్‌వూల్ (రాతి నుంచి తీసిన దూదిలాంటి సరుకు) చదరపు అడుగు 25 నుంచి 40 రూపాయలు, సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు ఇన్సులేషన్ సరుకు అమ్మే షాపుల్లో అడగండి. రెండు పొరలు వేసి, కార్పెంటర్‌తో చెక్క ఫ్రేమ్ కట్టించి, గుడ్డ చుట్టిస్తే ఒక్కో ప్యానెల్ రెండు వేల చుట్టుపక్కల పడుతుంది. రెడీమేడ్‌లో అదే మందానికి రెట్టింపు, మూడింతలు. గుడ్డ నోటికి ఆనించుకుని ఊదండి, గాలి తేలిగ్గా పోతేనే కొనండి. రెక్సిన్ వేసి "అకౌస్టిక్" అని అమ్మేవాళ్లున్నారు, దానికి తగిలిన పై శబ్దం వెనక్కే వస్తుంది. ప్యానెల్‌కీ గోడకీ మధ్య రెండు అంగుళాలు ఖాళీ వదిలితే సరుకు పెంచకుండానే ఇంకాస్త కింది శబ్దాలు పడతాయి. కోసేటప్పుడు మాస్క్, గ్లోవ్స్ తప్పనిసరి, దురద మామూలుగా ఉండదు.

అపోహ: ఆంప్లిఫయర్‌లో రూమ్ కరెక్షన్ (గదిని బట్టి సౌండ్‌ని సర్దే సెట్టింగ్) ఉంది, ఇవేవీ అక్కర్లేదు.

మోగుతున్న నోటుని తగ్గించడం దానికి వచ్చు. మాయమైన నోటుని తేలేదు. అక్కడ 10 డెసిబెల్స్ పెంచితే ఆంప్లిఫయర్ పది రెట్లు పవర్ ఇవ్వాలి, ఇచ్చినా గోడ నుంచి తిరిగొచ్చే అల కూడా అంతే పెరిగి మళ్లీ కొట్టేస్తుంది. ముందు గది, తర్వాత కరెక్షన్. గదిలో సౌండ్ కొలిచి గ్రాఫ్ గీసే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, కొలిచే మైక్ పది వేల చుట్టుపక్కల దొరుకుతుంది. నాలాంటివాణ్ని పిలిచే ముందు ఆ గ్రాఫ్ ఒకటి తీసి పెట్టుకుంటే, ప్యానెల్స్ బిగించాక మళ్లీ తీసి, నేను చెప్పింది జరిగిందో లేదో మీరే చూసుకోవచ్చు.