యుద్ధ గాయానికి వెంటనే కుట్లు ఎందుకు వెయ్యరు?

తూటా దూరిన చోట ఒక్కోసారి చిటికెన వేలి గోరంత రంధ్రమే కనిపిస్తుంది. దాన్ని చూసి గాయం చిన్నదే అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వేగంగా వచ్చిన తూటా కండలో అడ్డం తిరిగితే తన శక్తిలో చాలా భాగం అక్కడే వదిలేస్తుంది. కండ రెప్పపాటులో ఉబ్బి మళ్లీ దగ్గరపడుతుంది. పైన చర్మం బాగానే ఉంటుంది, లోపల కండ నలిగి చచ్చిపోతుంది. మట్టి, బట్ట పీలికలు కూడా తూటా వెంటే లోపలికి పోతాయి.

అందుకే రెడ్ క్రాస్ సర్జన్లు గాయాన్ని కొలిచే పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. తూటా లోపలికి వెళ్లిన రంధ్రం ఎన్ని సెంటీమీటర్లు, బయటికి వచ్చింది ఎన్ని? గాయంలో రెండు వేళ్లు పడతాయా? ఎముక విరిగిందా, ముక్కలు ముక్కలైందా? మెదడు పొర, ఛాతీ, పొట్ట, పెద్ద రక్తనాళాల్లో దేనికైనా దెబ్బ తగిలిందా? లోహపు ముక్కలు ఎన్ని మిగిలాయి? స్కానింగ్ మెషీన్ లేని చోట కూడా వీటికి జవాబులు దొరుకుతాయి. నాకు ఈ పద్ధతి మీద గౌరవం అందుకే.

గాయాల తీవ్రతను అంకెల్లో చెప్పడానికి 1974లో వచ్చిన స్కోరు (ఇంజురీ సివియారిటీ స్కోర్) సంగతి వేరు. రోడ్డు ప్రమాదాల్లో దెబ్బలు తిన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని దాన్ని తయారుచేశారు. శరీరాన్ని ఆరు భాగాలుగా చూస్తారు. ఒక్కో భాగంలో అన్నిటికంటే పెద్ద దెబ్బకు మార్కు వేసి, పెద్ద మార్కులు మూడింటిలో ఒక్కోదాన్నీ దానితోనే గుణించి, వచ్చినవాటిని కూడతారు. గరిష్ఠం 75. కానీ బాంబు పేలి రెండు కాళ్లూ నుజ్జయిన మనిషిని ఊహించండి. ఒక్కో కాలికి 4 మార్కులు అనుకుందాం. కాళ్లూ చేతులూ ఒకే భాగం కాబట్టి లెక్కలోకి ఒక కాలే వస్తుంది, స్కోరు 16. ఆ రెండో కాలు ఏమైనట్టు? 1997లో ఈ లెక్కను సవరించి, ఏ భాగంలో ఉన్నా మూడు పెద్ద దెబ్బలనూ లెక్కపెట్టాలన్నారు. అప్పుడు ఇదే మనిషి స్కోరు 32 అవుతుంది.

పేలుడు గాయాల్లో ఇలాంటివి ఎక్కువ. నేటి యుద్ధాల్లో తూటాల కంటే పేలుడు పదార్థాలతో గాయపడేవాళ్లే ఎక్కువ. సైనికుల గాయాల్లో సగం దాకా కాళ్లూ చేతులవే. వాళ్ల ఛాతీకి కవచమైనా ఉంటుంది. సామాన్యులకు అదీ ఉండదు. మందుపాతరను తొక్కితే కాలు పోతుంది, మట్టి, ఎముక ముక్కలు పైదాకా కండలోకి చొచ్చుకుపోతాయి. చేత్తో పట్టుకున్నప్పుడు పేలితే చేతులు, కళ్లు పోతాయి. బొమ్మ అనుకుని తీసిన పిల్లలకు జరిగేది ఇదే. రాయడానికే చెయ్యి రావడం లేదు.

కాపాడగలిగి ఉండీ పోయిన ప్రాణాల్లో ఎక్కువ భాగం రక్తస్రావం వల్లే పోతాయి, అదీ ఆసుపత్రికి చేరకముందే. కాలికి, చేతికి గట్టిగా బిగించే పట్టీ సమయానికి పడితే చాలామంది బతుకుతారు.

బతికి సర్జన్ దగ్గరికి చేరినవాళ్లకు మొదటి ఆపరేషన్‌లో చచ్చిన కండ, మురికి తీసేసి, చాలావరకు గాయాన్ని తెరిచే ఉంచుతారు. వెంటనే కుడితే లోపల మిగిలిన క్రిములు గాలి తగలని చోట పెరిగి గ్యాంగ్రీన్ రావచ్చు. పైన వదులుగా డ్రెస్సింగ్ వేస్తారు. జ్వరం, దుర్వాసన, విపరీతమైన నొప్పి లేకపోతే దాన్ని వార్డులో విప్పరు. నాలుగైదు రోజుల తర్వాత మళ్లీ థియేటర్‌లోనే విప్పి చూస్తారు. కండ ఎర్రగా, శుభ్రంగా ఉంటే కుట్లు వేస్తారు.