ఒక్క సిట్టింగ్‌తో ఏమవుతుంది అనేవాళ్లకు: క్యాంపస్ కౌన్సెలింగ్ అపోహలు – వాస్తవాలు

నేను యూనివర్సిటీలో స్టూడెంట్ కౌన్సెలర్‌ని. మా గదిలోకి వచ్చినవాళ్లకు కూర్చోగానే చెప్పేది ఇదీ: "మనకు దాదాపు గంట టైముంది, మళ్లీ కలవడం కుదిరినా కుదరకపోయినా ఈ గంట నీకు పనికొచ్చేలా చూద్దాం, కావాలంటే తప్పకుండా మళ్లీ రావచ్చు." సింగిల్ సెషన్ కౌన్సెలింగ్ అంటే ఇంతే. దీని మీద పిల్లల్లో, తల్లిదండ్రుల్లో, ఆ మాటకొస్తే మా తోటి కౌన్సెలర్లలో కూడా బోలెడు అపోహలున్నాయి.

అపోహ: ఒక్కసారి మాట్లాడితే ఏమొస్తుంది, కనీసం పది సిట్టింగులైనా కావాలి.

కొందరికి కావాలి, కాదనను. కానీ జనం నిజంగా ఎన్నిసార్లు వస్తారో చూడండి. 1980ల్లో కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటే అనే వైద్య సేవల సంస్థలో పనిచేసిన మోషే టాల్మన్ అనే ఇజ్రాయెలీ సైకాలజిస్టు అక్కడి రికార్డులు తిరగేస్తే, అందరికంటే ఎక్కువగా కనబడినవాళ్లు ఒక్కసారి వచ్చి మానేసినవాళ్లే. వాళ్లకు మన పని నచ్చలేదేమో అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. ఆయన తన దగ్గరికి అలా ఒక్కసారే వచ్చిన 200 మందికి ఫోన్ చేయిస్తే, 78 శాతం మంది తమకు కావాల్సింది ఆ ఒక్కసారికే దొరికిందన్నారు. మిగతా 22 శాతాన్ని మర్చిపోకూడదు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇంకో అధ్యయనం 2022లో వచ్చింది. అమెరికాలో 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు 2,452 మంది మీద చేశారు. ఆన్‌లైన్‌లో అరగంట లోపు ఒకే ఒక్కసారి చేసే ప్రోగ్రామ్, మూడు నెలల తర్వాత కూడా డిప్రెషన్ లక్షణాల్లో కాస్త తగ్గుదల కనిపించింది. కాస్తే, మాయేం కాదు. పైగా అది పిల్లలు సొంతంగా చేసుకునేది, ఎదురుగా మనిషి కూర్చుని మాట్లాడేది కాదు, కాబట్టి దాన్ని చూపించి మా గదిలోనూ అంతే జరుగుతుందని నేను చెప్పను.

అపోహ: ఆ గంటలో చిన్నప్పటి నుంచి జరిగిందంతా చెప్పేయాలి.

దీని గురించే ఎక్కువ రాయాలి, ఎందుకంటే చాలామంది ఈ భయంతోనే రారు, వచ్చినవాళ్లు మొదటి అరగంట దీనికే ఖర్చు పెట్టేస్తారు. మేం అడిగే మొదటి ప్రశ్న "ఏమైంది?" అని కాదు. "ఇవాళ ఇక్కడ ఏ ఒక్కటి తేలితే వచ్చినందుకు ఫలితం ఉందనిపిస్తుంది?" అని. కాల్లో ముల్లు దిగినవాడికి ముందు ముల్లు తియ్యాలి, చెప్పులెందుకు వేసుకోలేదన్నది తర్వాతి మాట.

ఉదాహరణకు ఒక అబ్బాయి అనుకుందాం (ఇది ఏ ఒక్కరి కథా కాదు, చాలామందిలో చూసింది కలిపి చెబుతున్నా). బీటెక్ సెకండియర్, నాలుగు బ్యాక్‌లాగ్‌లు, ఇంట్లో ఒకటే అని చెప్పాడు, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు, రూమ్మేట్‌తో మాటల్లేవు, తెల్లవారుజామున నాలుగు దాకా ఫోను చూస్తూ పడుకుంటాడు, అటెండెన్స్ 65 శాతానికి దగ్గర పడింది. ఇందులో దేన్ని పట్టుకోవాలి? నన్నడిగితే నిద్ర అంటాను. కానీ అతన్ని అడిగితే "ఆదివారం నాన్న ఫోన్ చేస్తారు మేడమ్, మళ్లీ అబద్ధం చెప్పలేను" అంటాడు. అయితే ఆ గంట పని ఆదివారం ఫోనే. ముందు నాన్నకు చెప్పాలా, అమ్మకో అక్కకో చెప్పాలా? మొదటి వాక్యం ఏంటి? "ఇందుకేనా అప్పు చేసి చదివిస్తున్నది" అని అటు నుంచి వస్తే ఏం చేస్తావు? నేను నాన్నలా మాట్లాడతాను, అతను జవాబు చెబుతాడు, మొదటిసారి గొంతు పెగలదు, రెండోసారికి నవ్వొస్తుంది, మూడోసారికి మాట నిలబడుతుంది. తర్వాత ఎగ్జామ్ సెక్షన్‌లో సప్లీ ఫీజు ఆఖరి తేదీ కనుక్కోవడం, అంతే. వెళ్లేముందు ఈ రెండూ తన చేతిరాతతోనే రాసుకుంటాడు, నేను రాసిస్తే ఆ చీటీ జేబులోనే ఉండిపోతుంది.

రెండు వారాలకు ఒక ఫోన్ చేస్తాం. చాలు అంటే చాలు, ఇంకా ఉందంటే ఇంకో టైము ఇస్తాం. ఒక్కసారి వచ్చాక తలుపు మూసేస్తారన్నది కూడా ఒక అపోహే, దానికి వేరే జవాబు అక్కర్లేదు.

అపోహ: కౌన్సెలర్ ఇంట్లోవాళ్లకో హెచ్‌ఓడీకో చెప్పేస్తారు.

చెప్పకూడదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం–2017 చికిత్స పొందేవారి గోప్యతను హక్కుగా రాసింది, కాలేజీ గదిలో కూర్చున్నవాళ్లకూ మా వృత్తి నియమం అదే. ప్రాణానికి ప్రమాదం ఉందనిపించినప్పుడు మాత్రం ఇంకొకరిని కలుపుకోక తప్పదు, అప్పుడు కూడా ముందు నీకు చెప్పే చేస్తాం. మా మాటే నమ్మేయమని కూడా అనను. కూర్చోగానే అడుగు: నా గురించి రాసింది ఎక్కడ పెడతారు, ఎవరు చూస్తారు? తడబడే కౌన్సెలర్ దగ్గర జాగ్రత్తగా ఉండు.

అపోహ: చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టే.

లేదు. సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, ఉన్నవాళ్లకు చెప్పుకునే దారి దొరుకుతుంది. నేను అందరినీ అడుగుతాను, నవ్వుతూ వచ్చినవాళ్లను కూడా. అవునంటే ఆ గంట ఇక బ్యాక్‌లాగ్‌ల గురించి కాదు. ఈ రాత్రి ఎవరితో ఉంటావు, ప్రమాదకరమైనవి దగ్గర ఏమున్నాయి, వాటిని ఎవరి చేతికిద్దాం, సైకియాట్రిస్టు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు, ఇదంతా తేలేవరకు గంట దాటినా పంపం. ఎవరూ లేకుండానే మాటలు వినిపిస్తున్నాయన్నా, రోజుల తరబడి నిద్ర లేకుండా విపరీతమైన హుషారుగా ఉన్నా, తిండి పూర్తిగా మానేసినా, మందూ గంజాయీ చేయి దాటిపోయినా ఒక్క సెషన్ సరిపోదు. వాళ్లను సరైన చోటికి చేర్చడమే ఆ సెషన్ పని. అర్ధరాత్రి మా గది మూసి ఉంటుంది కాబట్టి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఫోన్‌లో సేవ్ చేసుకోండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

అపోహ: ఒక్క సెషన్‌తో అయిపోతే వేలమందికి ఒక్క కౌన్సెలర్ చాలు.

ఇది పిల్లలది కాదు, మేనేజ్‌మెంట్‌లది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న అమ్మాయి మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, 100 మంది కంటే తక్కువ కాకుండా విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలంది. "కనీసం" అన్న మాట చదవకుండా "ఒకరు" అన్నదే చదువుతున్నారు. ఇందాక చెప్పిన 22 శాతం లాంటివాళ్లు రెండోసారి వచ్చినప్పుడు కూర్చోబెట్టడానికి టైముంటేనే ఈ పద్ధతి నిజాయితీగా నడిచినట్టు. లేకపోతే అది సేవల్లో కోత, దానికి థెరపీ పేరు పెట్టకండి.

హెచ్‌ఓడీలకూ వార్డెన్‌లకూ ఒక విన్నపం. "కౌన్సెలర్ సంతకం పెట్టించుకుని రా" అని ఎవర్నీ పంపకండి, ఎందుకు పంపుతున్నారో ముందు ఆ పిల్లాడికే చెప్పండి. సంతకం కోసం వచ్చినవాడితో మొదటి ఇరవై నిమిషాలు, ఇది శిక్ష కాదని నమ్మించడానికే పోతాయి. ఉన్నదే గంట.