పటర్ దొర్లించదు, గడ్డి దొర్లిస్తుంది

2025 జూన్‌లో ఓక్‌మాంట్ మైదానంలో యూఎస్ ఓపెన్ గోల్ఫ్ చివరి హోల్ దగ్గర జె.జె. స్పాన్ గ్రీన్ (హోల్ చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) మీద 64 అడుగుల దూరం నుంచి పట్ వేసి, అంటే బంతిని నేల మీదుగా హోల్‌లోకి పంపి, గెలిచాడు. చేతిలో ఉన్నది ల్యాబ్ గోల్ఫ్ వారి జీరో టార్క్ పటర్, అంటే ఊపేటప్పుడు ముఖం మెలి తిరగకుండా చేసిన పట్ కర్ర. ఇలాంటి గెలుపు చూశాక గోల్ఫర్లందరూ షాపులో అడిగేది ఒకటే: ఏ పటర్ కొంటే బంతి నున్నగా దొర్లుతుంది?

దెబ్బ తగిలిన క్షణాన ఏ పటర్‌తో కొట్టినా బంతి దొర్లదు, జారుతుంది. పటర్ ముఖానికి బంతి అంటుకుని ఉండేది మిల్లీసెకను లోపే. అంతలో బంతికి వేగం వస్తుంది గానీ తిరుగుడు రాదు. తర్వాత గడ్డి బంతి అడుగును వెనక్కి లాగుతూ ఉంటే వేగం తగ్గుతుంది, తిరుగుడు పెరుగుతుంది, రెండూ సరిపోయిన చోట జారుడు ఆగి దొర్లుడు మొదలవుతుంది. అప్పటికి మిగిలేది మొదటి వేగంలో 5/7 వంతు. గడ్డి గరుకైనా నున్ననైనా ఈ 5/7 మారదు. అది ఎంత దూరం పోయాక వస్తుందన్నదే ఘర్షణ చేతిలో ఉంది. ఇంటర్ ఫిజిక్స్‌లో ఈ లెక్క చేయించి, జవాబు కింద గీత గీయించి, ఇది ఎక్కడ పనికొస్తుందో చెప్పకుండానే తర్వాతి చాప్టర్‌కి వెళ్లిపోతారు.

అంకెలు వేద్దాం. ఓ మాదిరి వేగమున్న గ్రీన్ మీద, స్టింప్‌మీటర్ (గ్రీన్ వేగం కొలిచే వాలు పట్టీ) నుంచి వదిలిన బంతి 10 అడుగులు పోయే చోట, 6 మీటర్ల పట్‌కి బంతి సెకనుకి 3.4 మీటర్ల వేగంతో బయలుదేరాలి. జారుడు ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే మొదటి 70 సెంటీమీటర్లు జారుడే. ఆ కాస్త దూరంలోనే శక్తిలో 2/7 వంతు వేడిగా పోతుంది. (స్టింప్‌మీటర్ ఆలోచన పుట్టిందీ ఓక్‌మాంట్‌లోనే. 1935 యూఎస్ ఓపెన్‌లో అక్కడి గ్రీన్ల వేగం చూసి ఎడ్వర్డ్ స్టింప్సన్ తయారుచేశాడు. అందులో బంతి వాలు మీదుగా దొర్లుకుంటూ దిగుతుంది కాబట్టి జారుడు గొడవే లేదు.)

మరి జారుడు లేకుండా కొట్టలేమా? బిలియర్డ్స్‌లో కొట్టొచ్చు. బంతి ఎత్తులో పదింట ఏడు వంతుల దగ్గర కర్ర మొన తగిలితే మొదటి క్షణం నుంచే దొర్లుతుంది. గోల్ఫ్ బంతి వ్యాసం కనీసం 42.67 మి.మీ., అంటే నేల నుంచి 30 మి.మీ. ఎత్తున కొట్టాలి. కానీ పటర్‌ది మొన కాదు, బల్లపరుపు ముఖం. దాన్ని ఎంత ఎత్తు నుంచి తెచ్చినా బంతికి తగిలేది నడుము దగ్గరే, ముఖానికి లాఫ్ట్ (వెనక్కి వాలు) ఉంటే ఇంకాస్త కిందే. తోపు ఎప్పుడూ కేంద్రం మీదికే పోతుంది. తిరుగుడు రావాలంటే ముఖం పైకి లేస్తూ బంతి వీపును రాసుకుంటూ పోవాలి, అంతకుమించి దారి లేదు.

ఆ రాపిడి ఇచ్చేదెంత? తాకేటప్పుడు ముఖం లాఫ్ట్ 1 డిగ్రీ, పటర్ తల పైకి లేచే కోణం 5 డిగ్రీలు అనుకోండి, చాలా ఉదారంగా. 350 గ్రాముల తలకి లెక్క వేస్తే, దొర్లడానికి కావలసిన తిరుగుడులో వచ్చేది సుమారు 3 శాతం. 70 సెం.మీ. జారుడు 68కి తగ్గుతుంది. ముఖం మీద గాడులు, పాలిమర్ ముక్కలు పెట్టి టాప్‌స్పిన్ అని అమ్మే ప్రకటనలను ఈ 2 సెంటీమీటర్ల పక్కన పెట్టి చదవండి. గాడులు చెత్తేమీ కాదు. దెబ్బ చప్పుడు, చేతికి తెలిసే తీరు మార్చడానికి, మధ్యలో లోతుగా అంచుల్లో తక్కువగా చెక్కి వేగం సమం చేయడానికి పనికొస్తాయి.

అసలు తేడా తెచ్చేది లాఫ్ట్. బంతి బరువుకి గడ్డి నలిగి చిన్న గుంట పడుతుంది. అందులోంచి పైకి తీయడానికే 3, 4 డిగ్రీల లాఫ్ట్. గడ్డి పొడుగ్గా ఉండి గ్రీన్ల మీద బంతి నెమ్మదిగా పోయిన పాత రోజుల్లో ఇంకా ఎక్కువ పెట్టేవారు. ఎక్కువైతే బంతి గాల్లోకి లేచి గెంతుతుంది. 3.4 మీటర్ల వేగానికి 5 డిగ్రీల కోణంలో లేస్తే మొదటి గెంతే 20 సెం.మీ. తక్కువైతే నేలలోకి గుచ్చుకుని ఎగురుతుంది. పటర్ మీద రాసి ఉన్న అంకెను నమ్ముకోవద్దు. తాకే క్షణంలో చేతులు బంతి కంటే ఒకటిన్నర సెం.మీ. ముందుంటే దాదాపు ఒక డిగ్రీ పోయినట్టే. 4 డిగ్రీల పటర్ చేతులు ముందుకు తోసే మనిషి దగ్గర 0 కావచ్చు, వెనక్కి ఉంచే మనిషి దగ్గర 6 కావచ్చు.

ఇక మధ్యలో తగలని దెబ్బలు. వాటికి తల మెలి తిరిగి బంతికి వేగం తగ్గుతుంది. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా పనిచేసిన కార్స్టన్ సోల్హైమ్ 1966 ఆన్సర్ పటర్‌లో బరువును హీల్‌కీ (తలలో కర్ర వైపు కొస) టోకీ (అవతలి కొస) పంచిందీ ఇందుకే. 350 గ్రాముల తల, జడత్వ భ్రామకం (మెలి తిరగడాన్ని అడ్డుకునే గుణం) 3500 గ్రా.సెం.మీ² అనుకుంటే, మధ్య నుంచి 2 సెం.మీ. పక్కకి తగిలిన 6 మీటర్ల పట్ సుమారు 52 సెం.మీ. ముందే ఆగిపోతుంది. 7000 అయితే 27 సెం.మీ. రెండు పట్‌లు పోగానే పటర్‌కి శని పట్టిందని మార్చేసేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

స్ట్రోక్‌కి తగిన పటర్ ఎంచుకోవడం తేలిక. షాఫ్ట్‌ను (పటర్ కర్రను) వేలి మీద అడ్డంగా నిలబెట్టండి. ముఖం ఆకాశం వైపు చూస్తే తిన్నని స్ట్రోక్‌కి, టో కిందికి వేలాడితే చాపంలా తిరిగే స్ట్రోక్‌కి. బరువు కేంద్రం షాఫ్ట్ గీతకి పక్కన ఉంటే ముందుకి ఊపేటప్పుడు టో వెనకబడి ముఖం తెరుచుకుంటుంది. అందుకే కుడిచేతి వాటం వారి బంతులు ఎప్పుడూ కుడికే పోతుంటే వేలాడడం తక్కువున్నది, ఎడమకి పోతుంటే ఎక్కువున్నది తీసుకోమంటారు. జీరో టార్క్ ఈ మెలికను దాదాపుగా తీసేస్తుంది. జారుడుకి మాత్రం దానికీ సంబంధం లేదు.

కొనేముందు ఒక పరీక్ష. బంతి చుట్టూ మార్కర్‌తో గీత గీసి, ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, నేల మీద టేపు పరిచి కొట్టండి. నిజంగా దొర్లే బంతి ఒక చుట్టుకి పోయేది 13.4 సెం.మీ. ఒక చుట్టులో 20 సెం.మీ. పోయిందంటే ఇంకా జారుతోంది. మొదటి ఫ్రేముల్లో బంతి కింద వెలుతురు కనిపిస్తే లాఫ్ట్ ఎక్కువ. ముందు చేతుల చోటు సరిచూసుకుని, అప్పటికీ తేడా ఉంటే ఫిటింగ్ షాపులో తలనీ షాఫ్ట్‌నీ కలిపే మెడ వంచి ఒకటి రెండు డిగ్రీలు మార్పించుకోవచ్చు. జింక్‌తో పోతపోసిన చవక తలల్ని మాత్రం వంచనివ్వద్దు, విరుగుతాయి.