సరిహద్దు మారితే దిగుమతి

1992 డిసెంబరు 31న బ్రాతిస్లావా నుంచి ప్రాగ్‌కు వెళ్లిన సరుకు దేశీయ వ్యాపారం. మర్నాడు అదే సరుకు అదే దారిన వెళితే దిగుమతి. ఆ అర్ధరాత్రి చెకోస్లోవేకియా రెండు దేశాలైంది. ఫ్యాక్టరీలు అవే, కొనేవాళ్లూ వాళ్లే, మారింది లెక్క.

ఒక దేశం దిగుమతుల మీద ఎంత ఆధారపడుతుందో తేల్చడంలో విస్తీర్ణం, జనాభాలదే పెద్ద పాత్ర అని నేననుకుంటాను. అమెరికాలో ఒక రాష్ట్రం పండించినది ఇంకో రాష్ట్రం తింటుంది, ఆ వ్యాపారమేదీ దిగుమతుల ఖాతాలోకి రాదు. అందుకే అక్కడి దిగుమతులు జీడీపీలో ఐదో వంతుకు తక్కువే. అదే సింగపూర్‌లో జీడీపీనే మించిపోతాయి.

మొత్తం సంపాదన కంటే కొనుగోళ్లు ఎక్కువ కావడమేమిటి? చిక్కంతా లెక్కగట్టే తీరులో ఉంది. 100 డాలర్ల విడిభాగాలు తెప్పించి, బిగించి, 110 డాలర్లకు బయటికి అమ్మారనుకోండి. దిగుమతి పద్దులో పూర్తి 100 పడుతుంది. జీడీపీలో చేరేది మాత్రం కొత్తగా కలిసిన 10 డాలర్ల విలువే. అంటే ఆ వంద డాలర్ల సరుకును ఆ దేశం వాడుకోలేదు, దాని చేతుల మీదుగా సాగిపోయిందంతే. రేవుల మీద బతికే చాలా చిన్న దేశాలకు ఈ మాట వర్తిస్తుంది.

సుంకాలు, కరెన్సీ విలువ, రవాణా ఖర్చు కూడా ఈ వాటాను పెంచుతాయి, తగ్గిస్తాయి. 1956లో అమెరికా రవాణా వ్యాపారి మాల్కమ్ మెక్లీన్ ఓడ మీద కంటైనర్లు పంపడం మొదలుపెట్టాక సరుకు ఎత్తి దించే ఖర్చు బాగా పడిపోయింది, దూరపు వస్తువూ అందుబాటులోకి వచ్చింది.

ఇంతకీ వాటా తక్కువైతే నిశ్చింతేనా? 1973లో జపాన్ దిగుమతులు జీడీపీలో ఐదో వంతుకు తక్కువే. కానీ వాడే చమురు దాదాపు అంతా బయటిదే. ఆ అక్టోబరులో అరబ్ దేశాలు సరఫరా తగ్గించాయి. కొన్ని నెలల్లోనే పీపా ధర సుమారు నాలుగింతలైంది, మరుసటి ఏడాది జపాన్ ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది. అందుకే శాతంతో పాటు నేను ఇంకొకటి చూస్తాను: ఈ అమ్మకందారు లేకపోతే ఇంకొకరున్నారా? అత్యాధునిక చిప్పుల మీద అతి సన్నని గీతలను కాంతితో ముద్రించే ఈయూవీ యంత్రాలను నేడు నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ అనే కంపెనీ ఒక్కటే అమ్ముతోంది. దాన్ని కొనే దేశపు దిగుమతుల మొత్తంలో ఆ యంత్రం కనీకనబడని అంకె.